గోడ వంత పాడితే

ఖాళీగా ఉన్న చర్చిలో నిలబడి రెండు చేతులూ గట్టిగా చరిస్తే దాని సంగతి సగం తెలిసిపోతుంది. హరిశ్చంద్రపురం స్టేషను నుంచి టెక్కలి మీదుగా పలాస దాకా, అక్కణ్ణుంచి జీడితోటలు, కొబ్బరితోటలు దాటుకుంటూ ఉద్దానం తీరానికి పోయే దారుల్లో చిన్న చిన్న మందిరాలు కనిపిస్తాయి. చాలావరకు ఒకే వాలకం. పొడవాటి గది, సిమెంటు పూత గోడలు, పైన స్లాబు, లేకపోతే రేకులు. కింద గచ్చు గానీ టైల్స్ గానీ. కాస్త చేతిలో డబ్బాడే సంఘమైతే టెక్కలి నీలి గ్రానైటు. జనం లేనప్పుడు అందులో కొట్టిన చప్పట్లు రెండు పక్క గోడల మధ్య టపటపలాడుతూ తిరుగుతాయి. దగ్గితే ఆ దగ్గు మనకే పెద్దదిగా వినిపిస్తుంది. మామూలు గొంతుతో ఒక పల్లవి ఎత్తుకుంటే, మనకంటే గొప్పవాళ్లెవరో మనతో కలిసి పాడుతున్నట్టు ఉంటుంది. ఆదివారం ఆరాధన మొదలై గది నిండాక అదే గొంతు మళ్లీ మన గొంతే అయిపోతుంది. ఆ గొప్పవాళ్లు ఎటు పోయారో తెలియదు.

గుడి కానీ, చర్చి కానీ, మసీదు కానీ, గడప దాటగానే మనిషి తనంతట తనే గొంతు తగ్గిస్తాడు. ఆ గాంభీర్యంలో కంటికి ఎంత వాటా ఉందో చాలామంది రాశారు. చెవి వాటా ఎంత? ఖాళీ గదిలో ఎక్కువగా ఉండి, మనుషులు వచ్చి కూర్చోగానే తరిగిపోయే దాన్ని దైవసాన్నిధ్యం అనుకోవడం సబబేనా? నమ్మకం లేనివాడి ఎత్తిపొడుపుగా దీన్ని అడగడం లేదు. పాట విని కళ్లు చెమర్చినవాడిగానే అడుగుతున్నాను.

దీనికి సగం జవాబు భౌతికశాస్త్రంలో ఉంది. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో, ఫాగ్ మ్యూజియంలో కట్టిన కొత్త ఉపన్యాసశాలలో పాఠం చెబితే ఎవరికీ ఒక్క ముక్క బోధపడలేదు. పలికిన మాట అయిదున్నర సెకన్లపాటు గదిలోనే తిరుగుతోంది. అది చావకముందే పది మాటలు వచ్చి దాని మీద పడుతున్నాయి. వాలెస్ క్లెమెంట్ సబైన్ అనే కుర్ర అధ్యాపకుడికి ఈ గదిని బాగుచేసే పని అప్పజెప్పారు. ఊరు సద్దుమణిగాక, రాత్రిళ్లు, దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి పరుచుకుంటూ, ఆర్గాన్ గొట్టం ఒకటి మోగించి ఆపి, ఆ మోత చెవికి అందకుండా పోవడానికి ఎంతసేపు పడుతోందో ఆయన కొలుచుకుంటూ పోయాడు.

ఆయన ఎంచుకున్న కొలమానం నాకు మహా ఇష్టం. తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు కదా. అందుకని గదిలోని ప్రతి వస్తువూ ఎన్ని చదరపు మీటర్ల తెరిచిన కిటికీతో సమానమో లెక్కగట్టాడు. మెత్త ఇంత కిటికీ, తివాచీ ఇంత కిటికీ, మనిషి ఇంత కిటికీ. తన ఒంటిమీది బట్టలు మారినా ఫలితం మారుతోందని తెలిశాక, అంతవరకు చేసిన కొలతల్లో చాలావాటిని పక్కన పారేసి, ఆ తర్వాత ఎప్పుడూ ఒకే జత దుస్తుల్లో ప్రయోగాలు చేశాడు. శాస్త్రవేత్త తన చొక్కా కూడా ఫలితంలో భాగమని ఒప్పుకున్న సందర్భాలు చరిత్రలో ఎక్కువ ఉండవు.

ఆయన సూత్రం చిన్నది. గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చవేసి, గదిలోని ఈ ‘కిటికీల’ మొత్తంతో భాగిస్తే, శబ్దం పదిలక్షల్లో ఒక వంతుకు తరిగిపోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వస్తుంది. మన మందిరం ఒకదాన్ని ఊహించుకుందాం. పొడవు 10 మీటర్లు, వెడల్పు 6, ఎత్తు 4. అంటే 240 ఘనపు మీటర్లు. గచ్చు, గోడలు, స్లాబు అన్నీ కలిసి అయిదు చదరపు మీటర్ల కిటికీ పాటి కూడా చెయ్యవు, అంత గట్టివి. తలుపులు, కిటికీలు నిజంగానే తెరిస్తే ఇంకో ఎనిమిది. భాగిస్తే మూడు సెకన్లు. ఇప్పుడు వంద మంది వచ్చి చాపల మీద దగ్గర దగ్గరగా కూర్చున్నారు. మనిషికి 0.4 చదరపు మీటరు వేసుకున్నా నలభై. మళ్లీ భాగిస్తే ముప్పావు సెకను కూడా రాదు. మూడు సెకన్ల మహత్యాన్ని చీరలు, పంచెలు, చొక్కాలు, జుట్టు, చంకలో నిద్రపోతున్న పిల్లలు కలిసి తాగేశారు.

ఇదే లెక్క తుపానుతో కూడా కట్టి చూశాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు ఎన్ని కప్పులు ఎగిరిపోయాయో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మన ఊహా మందిరానికి పైకప్పు పూర్తిగా పోయిందనుకుంటే అరవై చదరపు మీటర్ల కిటికీ ఒక్కసారిగా తెరుచుకుంటుంది. అంటే చెవి లెక్కలో, వంద మంది మనుషులు వచ్చి కూర్చోవడం కప్పులో మూడింట రెండు వంతులు లేపేయడంతో సమానం. నిండిన చర్చి దాదాపు ఆరుబయలు.

మెదక్ వెళితే ఈ లెక్క పారదు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ పూనికతో 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన కెథడ్రల్ అది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం. కరువుకాలంలో ఆకలితో వచ్చిన జనానికి పని చూపించి తిండి పెట్టడానికే ఈ నిర్మాణం తలపెట్టారని దాని చరిత్ర చెబుతుంది. కప్పు లోపల బోలుగా, స్పాంజిలా ఉండే పదార్థం వేసి మోతను అదుపు చేశారని కూడా ఆ చర్చిని చూపించేవాళ్లంతా చెబుతారు. నిజమైతే, కట్టినవాళ్లకు ఈ చిక్కు ముందే తెలుసన్నమాట. గది పెరిగేకొద్దీ మనుషులు నేల వైశాల్యాన్ని బట్టే పెరుగుతారు. ఎత్తు మాత్రం విడిగా పెరుగుతూ పోతుంది. ఆ ఎత్తులో ఎవరూ కూర్చోరు. అక్కడికి చేరిన శబ్దాన్ని పట్టి ఆపే చొక్కా, చీర అక్కడ ఉండవు. కాబట్టి ఎంత జనం వచ్చినా తరగని మోత కావాలంటే ఎత్తు కట్టాలి. యూరప్ కెథడ్రల్స్ చేసింది అదే. మనుషులు నిండినా మనుషుల లెక్కకు లొంగని గది అది. ఆ ఎత్తుకు రాళ్లు మోసినవాళ్లు గింజల కోసం వచ్చినవాళ్లు అన్న సంగతి మెదక్ విషయంలో నేను మరిచిపోలేను. అంతటి ఖాళీని తలమీద మోసి పైకి చేర్చినవాళ్లకు, తర్వాత అందులోంచి దిగి వచ్చిన పాట ఎలా వినిపించి ఉంటుంది?

అలాంటి గదికి తగిన పాట వేరు. ఒక స్వరం పట్టుకుని నింపాదిగా కదిలితే, పోయిన స్వరం ఇంకా గాలిలో ఉండగానే వచ్చే స్వరం దాంతో కలిసి, ఒకే గొంతు నాలుగు గొంతులౌతుంది. ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియాలో మోత పది సెకన్లు దాటుతుంది. అక్కడి పాత గ్రీకు భక్తిగీతాలు నీళ్లలా పారుతున్నట్టు ఉండటానికి గోపురం వాటా తక్కువేం కాదు. గది మారితే పాట మారుతుందనడానికి ఎదురు ఉదాహరణ లైప్‌జిగ్. 1723 నుంచి 1750లో చనిపోయేదాకా బాఖ్ పనిచేసిన సెయింట్ థామస్ చర్చి కూడా ఒకప్పటి రాతి చర్చే. మతసంస్కరణ తర్వాత ప్రసంగం వినపడాలన్న పట్టుదలతో లోపల కొయ్య గ్యాలరీలు, కొయ్య బల్లలు నింపేశారు. కొయ్య మోతను మింగింది. అందువల్లే అంత వేగంగా, అన్ని దారుల్లో ఒకేసారి పరిగెత్తే సంగీతం అక్కడ చెవికి విడివిడిగా అందిందని హోప్ బేగెనాల్ అనే బ్రిటిష్ ధ్వనిశాస్త్రజ్ఞుడు 1930 ప్రాంతంలో వాదించాడు. ఈ వాదన కాస్త ఎక్కువ నున్నగా ఉందని నాకు అనుమానం. బాఖ్ వేరే చోట ఉన్నా బాఖే అయ్యేవాడేమో. కానీ మాట వినపడాలని పెట్టిన కొయ్య పాటకు దారి చేసిందన్న మాట మాత్రం కొట్టిపారేయలేం.

మరి మన కీర్తన ఏ గదిని అడుగుతుంది?

పురుషోత్తమ చౌదరి ఈ ప్రాంతపు మనిషే. 1803లో పుట్టి, పర్లాకిమిడి, శ్రీకాకుళం మధ్య బతికి, 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకుని, 1890లో కన్నుమూసేదాకా తెలుగులోనూ ఒడియాలోనూ పాటలు కట్టుకుంటూ పోయాడు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే ఆయన పేరు పదే పదే ఎదురౌతుంది. పల్లవి, చరణాలు, పైన రాగం పేరు, తాళం పేరు. అక్షరం అక్షరం తాళం మీద పడాలి. ప్రాస చెవికి తగలాలి. గమకం వణికిన చోట వణుకు కనిపించాలి. మూడు సెకన్ల మోతలో ఇవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ రోజుల్లో ప్రచారకులు పాడింది ఎక్కువగా సంతల్లో, తీర్థాల్లో, చెట్ల కింద. ఆ పాటకు గోడలు లేవు, గోడల అవసరమూ లేదు. కాబట్టి ధ్వని లెక్కలో చూస్తే చౌదరి కీర్తనకు సరైన ఇల్లు మెదక్ కాదు, కిటికీలు తెరిచి జనం కిక్కిరిసిన పేటలోని రేకుల మందిరమే. ఇది పేదరికాన్ని పొగడటం కాదు. ఎండాకాలం ఆ రేకుల కింద గంటసేపు కూర్చున్నవాడెవడూ దాన్ని పొగడడు, వాన పడితే పాట మాట అటుంచి ప్రార్థన కూడా వినపడదు.

గోడలు లేని చోట మనవాళ్లు ఏం చేశారన్నది నాకు ఇంకా ముఖ్యమైన ప్రశ్న. హరిశ్చంద్రపురం పేరు వింటే తెలుగువాడికి ముందు గుర్తొచ్చేది నాటకమే. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకం, అందులో కాటిసీను, ఆ సీనులో నటులు కలిపి పాడుకునే గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు. వినుకొండ పేటలో, క్రైస్తవ కుటుంబంలో, 1895లో పుట్టిన కవి పద్యాలు ఊరూరా తిరణాలలో, నడిరాత్రి, ఆరుబయట పందిట్లో మోగాయి. అక్కడ నటుడు పద్యం చివరి పాదం పలికి ఊరుకోడు. ఆఖరి అచ్చును పట్టుకుని రాగం తీస్తాడు. హార్మోనియం వెంట నడుస్తుంది. మూడు సెకన్లు, పది సెకన్లు, ఊపిరి ఉన్నంతసేపు. జనం ‘వన్స్ మోర్’ అంటే మళ్లీ. పండితులు దీన్ని అతి అని ఈసడించారు, నాకూ కొన్నిసార్లు అతిగానే అనిపించింది. కానీ ఈ గదుల లెక్క తెలిశాక అది వేరేగా వినిపిస్తోంది. పొలంలో పాడిన మాట నోరు దాటగానే పోతుంది. దాన్ని నిలబెట్టే గోపురం లేదు. ఆ గోపురం చేసే పనిని నటుడు తన గొంతుతో చేస్తున్నాడు.

జముకుల కథలో ఇదే పనిని ఇంకోలా చేశారు. కథకుడు ఒక మాట అంటాడు, వంతలు దాన్ని అందుకుని తిరిగి అంటారు. పలాస దగ్గర బొడ్డపాడులో గుడి అర్చకుడిగా ఉండి, జముకుల కథను శ్రీకాకుళం సాయుధ ఉద్యమానికి వాడి, 1969లో చంపబడిన సుబ్బారావు పాణిగ్రాహి ఆ కళ చేతబట్టింది కొండల్లో, తోటల్లో, కప్పు లేని చోట్లలోనే. మోత కావాలంటే మనుషులే మోత కావాలి. మన మందిరాల్లో పాడే తీరు కూడా ఈ వరసలోదే. పాటల పుస్తకం అందరి దగ్గరా ఉండదు, ఉన్నా చదవడం అందరికీ రాదు. ముందువాళ్లు పాదం అంటారు, వెనకవాళ్లు అదే పాదం తిరిగి అంటారు. అలా వినీ వినీ నేర్చుకున్న కీర్తనలు అక్షరం రాని మామ్మల నోట్లో చివరి చరణం దాకా ఉంటాయి.

గోడ తిప్పి పంపేదానికీ మనిషి తిప్పి పంపేదానికీ తేడా లేదా? గోడ మన గొంతును మనకే ఇస్తుంది, కాస్త పెద్దది చేసి. అది ఎప్పుడూ ఒప్పుకుంటుంది. మనిషి తిరిగి అన్నప్పుడు శ్రుతి జారుతుంది, లయ లాగుతుంది, ఒకామె తన పుట్టింటి వరస కలుపుతుంది, ఒకాయన ఒక్క మాట మింగేస్తాడు. ముందు పాడినవాడు వెనకవాళ్ల కోసం ఆగాలి. అప్పుడప్పుడు వెనకవాళ్ల వరసే నిలిచి అసలు వరస మాసిపోతుంది. గొప్పదనం అనే మాటకు నేను ఏదైనా అర్థం ఇవ్వాల్సి వస్తే ఇక్కడ ఇస్తాను, కప్పు ఎత్తులో కాదు.

ఇంతలోనే నా వాదనకు అడ్డొచ్చే సంగతి ఒకటుంది. ఇప్పుడు ఉద్దానంలో మిక్సరు లేని మందిరం అరుదు. సౌండ్ బాక్సులు, కీబోర్డు, ప్యాడ్స్, ఆ మిక్సరు మీద ‘ఎకో’ అని రాసిన ఒక మీట. మనుషులు తాగేసిన మూడు సెకన్లను ఆ మీట తిరిగి పోస్తుంది, ఇంకో రెండు కలిపి. కీబోర్డు వాయించే కుర్రాణ్ణి, అంత ఎందుకు బాబూ, మాట పోతోంది కదా అని అడిగాను. “ఎకో తీసేస్తే గొంతు ఎండిపోయినట్టుంటాది సార్” అన్నాడు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవాళ్లు హగియా సోఫియాలో బెలూన్లు పగలగొట్టి, ఆ చప్పుడు ఎలా తరుగుతోందో రికార్డు చేసి, ఆ లెక్కతో కాపెల్లా రొమానా అనే బృందం పాటను కంప్యూటర్ ద్వారా ఆ గోపురం కింద పాడినట్టు వినిపించారు. దాన్ని ప్రపంచమంతా మెచ్చుకుంది. మన కుర్రాడు చేస్తున్నది వేరే పనా? వాళ్లు ఫలానా గోపురాన్ని కొలిచి తెచ్చారు, ఇతను ఏ గోపురమో తెలియకుండా ఒకటి అద్దెకు తెచ్చాడు, అంతే.

పైగా ఆ ఎకోను ఈసడించే హక్కు ఎవరికుంది? ఊరికి ఎడంగా పెట్టిన పేటల్లో బతికినవాళ్ల గొంతు తరాల తరబడి పొలాల్లోనే పలికింది. పిలిస్తే పలకడానికి, పనిలో అలుపు పోవడానికి. రాతి మండపం ఉన్న గుడిలో వాళ్లకు చోటు ఉండేది కాదు. శ్రీముఖలింగం గుడి మండపంలో మంత్రం ఎలా మోగుతుందో గోడ అవతల నుంచి వినాల్సి వచ్చేది. అలాంటి పేటలో చందాలు వేసుకుని, రాళ్లూ ఇసుకా మోసుకుని ఒక గట్టి గది కట్టుకున్నారు. అందులో మొదటిసారి పాడినప్పుడు తమ గొంతు తమకు పెద్దదై తిరిగొచ్చింది. దాని వెనక సిమెంటు పూత తప్ప ఏమీ లేదని భౌతికశాస్త్రం చెబుతుంది. నిజమే చెబుతుంది. కానీ నీ గొంతు ఇంత పెద్దది అని వాళ్లకు అంతకుముందు ఎవరు చెప్పారు? గోడ ఎప్పుడూ ఒప్పుకుంటుందని ఇందాక తక్కువ చేసి మాట్లాడాను. ఎవరూ ఒప్పుకోని చోట గోడ ఒప్పుకోవడం కూడా లెక్కలోకి వస్తుంది.

అయినా మాట పోవడం పోవడమే. పాత చిన్న మందిరాలు పడగొట్టి పెద్దవి కడుతున్నారు. వలసపోయిన పిల్లలు విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి, గల్ఫ్ నుంచి పంపిన డబ్బు అందులో ఉంటుంది. ఎత్తు పెరుగుతోంది, గ్రానైటు గోడలెక్కుతోంది, కిటికీలకు అద్దాలు పడుతున్నాయి. సబైన్ లెక్కలో ఇవన్నీ ఒకే వైపు మొగ్గుతాయి. వెనక గోడకు దళసరి పరదా వేలాడదీసినా, కప్పు కింద చిల్లుల పలకలు బిగించినా, ఖర్చు గ్రానైటు ఖర్చులో వీసమెత్తు. కానీ మేస్త్రీతో మాట్లాడేటప్పుడు కంటి సంగతులే తప్ప చెవి సంగతి రాదు. మిక్సరు దగ్గర కూర్చునే కుర్రాడు వేదిక పక్కనే ఉంటాడు. అతనికి వినిపించేది వెనక వరుసకు చేరేది కాదు. ఎకో ఎంత ఉండాలో తేల్చేది అతను, భరించేది వాళ్లు.

కట్టేముందు కాకపోయినా, కట్టాకైనా, వెనక వరుసలో చాప మీద కూర్చునే ఏ ముసలమ్మనైనా ఆమె చోటు కదపకుండా అక్కడే ఉంచి, చౌదరి కీర్తన ఒకటి పాడి, ఏ మాట అందలేదో అడగొచ్చు. ఆమె ఫలానా మాట అని వేలు పెట్టి చూపిస్తుందని, నా వాదన నెగ్గుతుందని నేను ఆశపడుతుంటాను. “మాటలు నాకు నోటికొచ్చినవే గదా బాబూ, ఆ మోతుండనీ” అన్నా అనొచ్చు.